కొత్త అడివివరంలో కత్తి లైసెన్సు

గడువుకి నలభై రోజులు

లైసెన్సు కావాలంటే నలభై రోజుల పాటు పనిపుస్తకం రాసి ఇవ్వాలట. ఎవరి తల, ఏం పని, నీళ్ళు ఎన్ని వాడాం, ఏమైనా విశేషం ఉందా. పదో తరగతి పరీక్షల తర్వాత నేను ఇంత రాయడం ఇదే. సింహాద్రి అప్పన్న పటానికి దణ్ణం పెట్టుకుని మొదలుపెడుతున్నాను.

నా పేరు వరహాలమ్మ. వయసు యాభై. చంద్రుడి మీద కట్టిన మా ఊరి రెండో గుహలో సెలూన్. కుర్చీలు రెండు. ఒకటి నాది, ఒకటి హైమావతిది.

ఇన్నాళ్ళూ ఎవరికి వచ్చిన పని వాళ్ళు చేసుకున్నాం. పోయిన నెల నాలుగో గుహలో ఎవరో ఇంట్లోనే గుండు గీయించుకున్నారు. ఆ వెంట్రుకలు గాలి జల్లెడలోకి పోయి, మూడు గంటలు గుహ మొత్తానికి గాలి ఆడలేదు. దాంతో పంచాయతీవారు రెండు లైసెన్సులు పెట్టారు. కత్తి లైసెన్సు అంటే గుండు, గడ్డం, పుట్టు వెంట్రుకలు. కత్తెర లైసెన్సు అంటే కత్తిరింపు, జడలు, రంగులు, ఆసుపత్రి పరీక్షగదికి జుట్టు తీసి పంపడం. ఒక మనిషికి ఒకటే లైసెన్సు.

నాకు రెండు పనులూ వచ్చు. కత్తి మా నాన్న నేర్పాడు. కత్తెర, దువ్వెన మా అత్తగారు నేర్పారు. ఏది వదలమంటే ఏం చెప్పను?

నన్ను అక్కలా ‘అప్పా’ అని పిలిచే హైమకి ఈ అనుమానమే లేదు. “ఏటప్పా ఆలోచన? కత్తెర తీసుకో. ఇద్దరం అద్దం ముందు దర్జాగా నిలబడతాం. కత్తి తీసుకుంటే బతుకంతా గుండ్లే. పెళ్ళికి పిలిచీవోళ్ళే ఉండరు” అంది.

“పెళ్ళికి పిలవకపోతే మానీ. పుట్టు వెంట్రుకలకి పిలుస్తారు కదే” అన్నాను.

ఈరోజు తలలు: ఆరు. జడలు: రెండు.

ముప్పై ఏడు రోజులు

ఒక పాపకి పుట్టు వెంట్రుకలు తీశాను. మేనమామ ఒళ్ళో కూర్చోబెట్టారు. పాప ఏడవలేదు, మేనమామే కళ్ళు గట్టిగా మూసుకున్నాడు.

ఇక్కడ వెంట్రుకలు భూమ్మీద లాగా టప్పున కింద పడవు. తీరిగ్గా, దారి వెతుక్కుంటున్నట్టు దిగుతాయి. కుడిచేత్తో కత్తి ఆడిస్తూ ఎడమచేత్తో పీల్చే గొట్టం పట్టుకోవాలి. పాప ఆ గొట్టాన్నే పట్టుకుని నోట్లో పెట్టుకుంది. అందరూ నవ్వారు. గుండు మీద చందనం రాశాను. నిజం చందనం కాదు, ఇక్కడి తెల్లమట్టిలో వాసన నూనె కలిపింది. అప్పన్న ఏమీ అనుకోడు.

కత్తి వదలడం కష్టమే అనిపించింది.

ముప్పై నాలుగు రోజులు

మంగళవారం. కత్తి పట్టను. జడలు నాలుగు వేశాను.

ఇక్కడ పుట్టిన పిల్లలు కొందరు, “చంద్రుడి మీద ఉన్నాం కదా మామ్మా, ఇక్కడ అన్నీ సోమవారాలే” అంటారు. అననీ.

ముప్పై ఒక్క రోజులు

పైడితల్లి వచ్చింది. ఇరవై తొమ్మిదేళ్ళ పిల్ల, మంచు సొరంగం తవ్వే బృందానికి మేస్త్రి. చంద్రుడి మీద ఈ ఊరు కట్టి పంతొమ్మిదేళ్ళయినా మేం తాగే ప్రతి చుక్కా భూమి నుంచి రావలసిందే. ఆ సొరంగం చివర మంచు ఉంది. అది తగిలితే మా నీళ్ళు మావి. ఊరంతా పైడితల్లిని చూసే కళ్ళు వేరు.

“అత్తా, గుండు గియ్యి. అప్పన్నకి మొక్కు.”

“మళ్ళీనా తల్లీ? కార్తీకంలోనే ఇచ్చినావు కదా.”

“దేవుడు వద్దన్నాడేటి?”

మొక్కు ఎందుకని అడగకూడదు. అడిగినా చెప్పకూడదు. నోట పడితే ఫలం పోతుందని మా నాన్న అనేవాడు. ముప్పై ఏళ్ళలో నేను ఏ తలనీ అడగలేదు.

తల తడిపి కత్తి పెట్టాను. మూడంగుళాల జుట్టు, ఎండుగడ్డిలా పెళపెళలాడింది. అలవాటు ప్రకారం పసుపు గుడ్డలో మూటకట్టి పేరు, గోత్రం, తేదీ రాశాను. ఏడాదికోసారి సరుకు ఓడ వెళ్ళేటప్పుడు ఈ మూటలన్నీ సింహాచలం పంపుతాం. దణ్ణం పెట్టడానికి ఆమె చేతులు జోడించినప్పుడు గోళ్ళు చూశాను. ప్రతి గోటి మీదా అడ్డంగా తెల్లటి గీత ఉంది.

ఇరవై ఎనిమిది రోజులు

ఇది పరీక్ష వారం. పైన, సొరంగంలో పనిచేసేవాళ్ళు ఆరు నెలలకోసారి మెడ వెనక నుంచి మూడంగుళాల జుట్టు పరీక్షగదికి ఇవ్వాలి. తవ్వకంలో లేచే లోహపు ధూళి ఒంట్లోకి ఎంత చేరిందో జుట్టు చెబుతుంది. రక్తం ఈ వారం సంగతే చెబుతుందట, జుట్టు ఆరు నెలలదీ దాచుకుంటుందట. లెక్క ఎర్రగీత దాటితే వైద్యం చేసి, రెండేళ్ళ దాకా పైకి పంపరు.

మొక్కు తీర్చుకున్నవాళ్ళకి మాత్రం జుట్టు పెరిగేదాకా పరీక్ష వాయిదా. ఈ సడలింపు కావాలని నాలుగేళ్ళ కిందట పంచాయతీకి అర్జీ పెట్టిన వాళ్ళలో మొదటి సంతకం నాది.

హైమ జుట్టు తీసే జాబితా చూసుకుంటూ, “పైడితల్లి పేరు ఈసారీ లేదప్పా. మొక్కంట” అంది.

“నానే గీసినాను.”

“పోయినసారీ లేదు. అంతకుముందూ లేదు.”

గోళ్ళ సంగతి చెప్పాను. హైమ చేతిలో దువ్వెన ఆగిపోయింది. “అడ్డంగానేటి? ఓలమ్మో! మా బావకీ అలాగే వచ్చినాయి. ఏటో గీతలని నవ్వుకున్నాం. తర్వాత కాళ్ళు మొద్దుబారిపోనాయి. ఇప్పుడు కర్ర లేకుండా నడవలేడు.”

మూటలు దించి చూశాను. పైన పనిచేసేవాళ్ళవి పదకొండు ఉన్నాయి. వాటిలో ఏడింటి మీద తేదీలు పరీక్ష వారానికి రెండు మూడు రోజుల ముందువి. ఆ తేదీలు నా చేత్తో నేనే రాశాను. ఇది పరీక్ష తప్పించుకోవడమని ఒక్కసారి కూడా నాకు తట్టలేదు.

ఇరవై ఏడు రోజులు

ఉదయం పూజలో మనసు నిలవలేదు. హైమతో చెప్పాను, కత్తెరే తీసుకుంటానని. ఇక నా చేత్తో ఎవరి జుట్టూ దాచిపెట్టను.

ఆమె సంతోషిస్తుందనుకున్నాను. పెదవి విరిచింది.

“నువ్వు కత్తి వదిలీస్తే గుండ్లు ఆగిపోతాయేటి? సొరంగం గేటు కాడ మిషను పెట్టినారు కదా. అందులో తల దూరిస్తే రెండు నిమిషాల్లో నున్నగా గీసీస్తాది. దానికి గోళ్ళు కనపడవప్పా.”

రోజంతా అదే మాట చెవిలో ఉంది.

ఇరవై నాలుగు రోజులు

సొరంగం పని బట్టలు దులిపే గదిలో పైడితల్లి ఒక్కతే దొరికింది. పక్కన కూర్చున్నాను.

“మొక్కు సంగతి అడక్కూడదత్తా. నువ్వే సెప్పినావు” అంది, నేను నోరు తెరవకముందే.

“మొక్కు అడగట్లేదమ్మా. గోళ్ళు సూపించు.”

చేతులు ఒళ్ళో బట్టల కింద దాచుకుంది. మెల్లగా అంది. “ఇంకా ఎనభై గజాలు. ఆ రాయి సంగతి నాకు తెలుసు. ఎక్కడ మెత్తనో, ఎక్కడ పగులుతాదో. ఇప్పుడు నన్ను దించీసి ఇంకోడిని పెడితే ఏటవుతాది? మంచు తగిలిన రోజు నానే పరీక్షగదికి ఎల్తాను. అప్పన్న మీద ఒట్టు.”

“ఆయన మీద ఒట్లు ఎయ్యకమ్మా.”

“ఇదంతా నీ పుస్తకంలో రాస్తావేటి?”

“రాస్తాను. దాచి రాయడం నాకు రాదు. గడువు రోజు దాకా పుస్తకం నా దగ్గరే ఉంటాది.”

“అంటే నాకు ఇరవై నాలుగు రోజులున్నట్టే” అని నవ్వింది.

“నాకున్నాయి. నీకున్నాయో లేవో నీ చేతుల్ని అడుగు తల్లీ.”

నవ్వు ఆగింది. లేచి వెళ్ళిపోయింది. నా మాట కొంచెం గట్టిగా తగిలినట్టుంది. కానీ తప్పుగా అన్నానని అనిపించడం లేదు.

పద్దెనిమిది రోజులు

జుట్టు ఎక్కడికీ పోలేదు. మూటలోనే ఉంది. కొంచెం తీసి పరీక్షగదికి ఇస్తే సంగతి తేలిపోతుంది. హైమ అదే అంటోంది. “తీసుకెళ్ళి ఇచ్చీ, పుణ్యం.”

రెండు అడ్డంకులు. ఒకటి, దేవుడికి ఇచ్చింది వెనక్కి తీసుకోవడం దత్తాపహారం. పెద్ద పాపం. రెండోది, ఆ జుట్టు పైడితల్లిది. ఆమె చేతులు జోడించి ఇచ్చింది నాకు కాదు.

మొదటిదాని గురించి మూడు రోజులు ఆలోచించాను. మా నాన్న సింహాచలం కొండమీద కత్తి పట్టిన మనిషి. తలనీలాలు తర్వాత ఎన్ని చేతులు మారతాయో ఆయనకి తెలుసు. “దేవుడు పుచ్చుకునేది వెంట్రుకలు కాదే, మనిషి తల వంచడం. అది అప్పుడే అయిపోనాది” అనేవాడు. ఆ మాటతో మొదటి అడ్డంకి తొలగింది.

రెండోది తొలగలేదు. ఆమెని అడగకుండా మూట విప్పను.

పదిహేను రోజులు

పైడితల్లి వచ్చి నా కుర్చీలో కూర్చుంది. తల మీద వేలెడు జుట్టు కూడా లేదు, గీయడానికి ఏమీ లేదు. హైమ అర్థం చేసుకుని తెర లాగి బయటికి వెళ్ళింది.

“అత్తా, పొద్దున్న తవ్వే మిషను ఆపీ మీట నొక్కినాననుకున్నాను. నొక్కలేదు. చేతికి తెలవలేదు. వెనక మా బృందంవోళ్ళు నలుగురున్నారు. పెద్ద రాయి దిగొచ్చింది. ఎర్రునాయుడు బాబాయి అందర్నీ వెనక్కి లాగీసినాడు కాబట్టి సరిపోయింది.”

ఆమె వేళ్ళు పట్టుకున్నాను. చల్లగా ఉన్నాయి. అప్పుడు ముప్పై ఏళ్ళలో ఎవర్నీ అడగనిది అడిగాను.

“ఏటి మొక్కుకున్నావమ్మా?”

నా చేతిలోని తన వేళ్ళని చూసుకుంది.

“మంచు తగలాలని. మూడుసార్లూ అదే. పరీక్ష తప్పించుకుందామని వచ్చిన మాట నిజమే. కానీ మొక్కు అబద్ధం కాదత్తా. నీ కుర్చీలో తల వంచినప్పుడల్లా నిజంగానే మొక్కుకున్నాను. నువ్వు నమ్ముతావా?”

“నమ్ముతాను.”

“చెప్పీసినాను కదా, ఇంక ఫలం పోయినట్టేనా?”

“నోరు విప్పితే అలిగే దేవుడైతే మనం ఇన్నాళ్ళు కొలవం తల్లీ” అన్నాను. ఆ మాట నాకెవరూ నేర్పలేదు. ఎలా వచ్చిందో తెలియదు.

ఆమే మూట దించమంది. ఆమే ముడి విప్పింది. ఇద్దరం కలిసి పరీక్షగదికి వెళ్ళాం.

పధ్నాలుగు రోజులు

ఎర్రగీతకి రెండింతలు. పైడితల్లిని ఆసుపత్రిలో ఉంచారు. ఒంట్లో లోహాన్ని కడిగే మందు ఎక్కిస్తున్నారు. ఇంకో ఆరు నెలలు ఆగి ఉంటే కాళ్ళు చేతులు తిరిగి రావడం కష్టమయ్యేదని, ఇప్పుడైతే కోలుకుంటుందని డాక్టరుగారు చెప్పారు.

మూటలో జుట్టు చిందరవందరగా ఉండడంతో ఏ నెలలో ఎంత చేరిందో చెప్పలేకపోయారు. కుదుళ్ళన్నీ ఒకవైపు ఉండేలా దారం కట్టి ఉంటే అదీ తెలిసేదట. గుర్తుపెట్టుకున్నాను.

పదకొండు రోజులు

మిగిలిన ఆరుగురి దగ్గరికీ వెళ్ళాను. ఒక్కొక్కరితో విడివిడిగా, మెల్లగా చెప్పాను. మీ మూట నా దగ్గరుంది, మీరు సరేనంటేనే విప్పుతాను అని. ఇద్దరు ఒప్పుకున్నారు. ముగ్గురు తల తిప్పుకున్నారు.

ఆరోవాడు ఎర్రునాయుడు, బృందంలో పెద్దవాడు. ఆయన మూట కార్తీకం నాటిది, జుట్టు ఇంకా మూడంగుళాలు కాలేదని ఈసారీ పరీక్ష వాయిదా పడింది. పైడితల్లి తర్వాత ఇప్పుడు ఆయనే మేస్త్రి. అందరి ముందూ అన్నాడు. “పైడితల్లిని పడగొట్టినావు, ఇప్పుడు మా మీద పడ్డావేటప్పా? కడుపులో మాట నీ కాడ సెప్పుకుంటే రేపు ఊరందరికీ పంచుతావు. నీ కుర్చీకో దండం.”

నేను సెలూన్‌కి వెనక్కి వచ్చేశాను.

పది రోజులు

తలలు: లేవు.

తొమ్మిది రోజులు

తలలు: లేవు. గేటు దగ్గర మిషను ముందు వరస ఉందని హైమ చెప్పింది. కత్తి సాన పట్టాను. పట్టిందే మళ్ళీ పట్టాను.

ఆరు రోజులు

లైసెన్సు అధికారి గౌరీపతి గారు వచ్చారు. కత్తి లైసెన్సుకి దరఖాస్తులు సున్నా అట. ఎవరూ తీసుకోకపోతే ఆ పని మిషనుకే ఇచ్చేస్తామన్నారు. “మీరు ఏది రాస్తారమ్మా?” అని అడిగారు.

“కత్తి” అన్నాను.

హైమ నెత్తి కొట్టుకుంది. “తలలే లేవు, కత్తి అంటాది!”

నేను అనుకున్నది ఆయనకి చెప్పాను. మొక్కు ఆపలేం. ఆపకూడదు కూడా. కత్తి ఉన్న చేయి జుట్టు నమూనా తీయకూడదని రూలు, మంచిదే. అయితే పక్క కుర్చీలో కత్తెర ఉంది కదా. మొక్కుకున్న మనిషి ముందు హైమ దగ్గర కూర్చోవాలి. ఆమె మెడ వెనక ఒక కుచ్చు కత్తిరించి, కుదుళ్ళ వైపు దారం కట్టి పరీక్షగదికి పంపుతుంది. తర్వాత నా కుర్చీలో తల వంచాలి. మిగిలిందంతా అప్పన్నది. అప్పుడు వాయిదా అక్కర్లేదు. నాలుగేళ్ళ కిందటి అర్జీలో నా సంతకం వెనక్కి తీసుకుంటున్నానని కూడా చెప్పాను.

గౌరీపతి గారు రాసుకున్నారు. “పంచాయతీలో పెడతాను. కానీ మీ పుస్తకంలో ఇదంతా రాశారా? మీ చేత్తోనే ఏడుగురి జుట్టు తీశారని?”

“రాశానండి. పైడితల్లి కూడా రాయమంది.”

ఆయన కలం జేబులో పెట్టుకుని, “చివరి రోజు నా ముందు ఒక తల గీసి చూపాలి. తల మీరే తెచ్చుకోవాలి. పావుగంట సమయం” అన్నారు.

మూడు రోజులు

మంచు తగిలింది!

గుహలన్నిటిలో గంటలు మోగాయి. నేను ఆసుపత్రికి పరిగెత్తాను. పైడితల్లి మంచం మీద కూర్చుని ఫోను రెండు చేతులతో పట్టుకుని ఉంది. అవతల సొరంగంలో ఒకటే కేకలు. ఎర్రునాయుడి గొంతు వినిపించింది. “నువ్వు సెప్పినట్టే ఎడం పక్కనుంచి తవ్వినామే! పాలరాయిలాగుంది!”

అంటే ఇన్ని రోజులూ ఈ పిల్ల మంచం మీద నుంచే వాళ్ళకి దారి చెబుతోంది.

ఆమె ఏడ్చింది, నవ్వింది. తర్వాత ఫోనులోకి గట్టిగా అంది. “బాబాయ్, నా చేయి ఇప్పుడు గ్లాసు పట్టుకుంటంది. నీ చేయి ఎలాగుంది? గోళ్ళు సూసుకున్నావేటి?”

అవతల కేకలు తగ్గాయి. ఆయన జవాబు నాకు వినపడలేదు.

గడువు రోజు

గౌరీపతి గారు చెప్పిన వేళకి వచ్చి, స్టూలు మీద కూర్చుని, గడియారం చేతిలో పట్టుకున్నారు. నా కుర్చీ ఖాళీ. వేడినీళ్ళు, కత్తి, చందనం, గొట్టం అన్నీ సిద్ధం. తల లేదు.

పది నిమిషాలు చూశాం. హైమ తన జడ ముందుకు వేసుకుంది. నడుం దాకా ఉంటుంది, చివర నీలం రంగు. “నాది గీసీ అప్పా” అంది.

“ఊరుకోవే. ఆ జడ సూసే కదా సగం మంది వస్తన్నారు.”

“మరేటి సేస్తాం?”

గౌరీపతి గారు టోపీ తీశారు. లోపల ఒక్క వెంట్రుక లేదు. “నాది పనికొచ్చేదైతే ఇచ్చేవాణ్ణమ్మా” అన్నారు. నవ్వు వచ్చినా మనసు దిగులుగానే ఉంది. అప్పన్నా, నీ ఇష్టం అనుకున్నాను.

అప్పుడు వాకిట్లో బూట్ల చప్పుడు. ఎర్రునాయుడు. వెనక బృందంలోవాళ్ళు నలుగురు, ఎవరి ముఖమూ పైకి లేవడం లేదు. ఆయన నా వైపు చూడలేదు. నేరుగా వెళ్ళి హైమ కుర్చీలో కూర్చున్నాడు.

“ముందు ఇక్కడేనంట కదా. పైడితల్లి సెప్పింది.”

హైమ ఆయన మెడ వెనక కుచ్చు కత్తిరించింది. కుదుళ్ళ వైపు దారం చుట్టి కవర్లో పెట్టి పేరు రాసింది. ఆ చేయి అంత జాగ్రత్తగా కదలడం నేనెప్పుడూ చూడలేదు. ఎర్రునాయుడు లేచి వచ్చి నా కుర్చీలో కూర్చున్నాడు. చేతులు మోకాళ్ళ మీద పరిచి పెట్టాడు, గోళ్ళు పైకి కనపడేలా.

తల తడిపాను. కత్తి తీశాను. ముప్పై ఏళ్ళ అలవాటు, నోరు దానంతటదే మూసుకుంది. ఆయన తల వంచి కూర్చున్నాడు. కత్తి తల మీద పెట్టబోతుంటే ఆ వంచిన తల కింద నుంచి గొంతు వచ్చింది.

“అడగవేటప్పా?”

అడిగాను.

ఆయన చెప్పడం మొదలుపెట్టాడు. కత్తి పక్కన పెట్టి విన్నాను. గౌరీపతి గారు గడియారం జేబులో పెట్టుకున్నారు.